మొద్దు కొడవలి మెరిసింది

ఎర్ర పిడి కొడవలి గాల్లో తిరుగుతూ నా వైపు వస్తున్నప్పుడు దాని అంచు తళుక్కుమంది. మొద్దు కొడవలి మెరవదు. కొడవళ్లు అమ్మే ఇంటి కోడలిని, ఆ మాత్రం నాకు తెలుసు. కానీ ఆ తెలివి బుర్రకు చేరేలోపే నా కుడి చెయ్యి ముందుకు వెళ్లి కొడవలిని పట్టేసుకుంది. పిడి దగ్గర కాదు.

నొప్పి వెంటనే తెలియలేదు. "పట్టుకున్నా!" అని గొప్పగా కూడా అన్నాను. మా వారి ముఖం చూశాకే కిందికి చూసుకున్నాను. రక్తం మోచేతి దాకా కారుతోంది. కొడవలి వదిలేసి పిడికిలి బిగించబోయాను. చూపుడు వేలు ముడుచుకుంది. మధ్య వేలు ముడుచుకుంది. ఉంగరం వేలు, చిటికెన వేలు మాత్రం నేను చెప్పింది తమకు కాదన్నట్టు నిటారుగా నిలబడి ఉన్నాయి. అప్పుడు భయం వేసింది. నేను దర్జీని. కత్తెర కింది రింగులో దూరేది ఆ వేళ్లే.

ఇలాంటి గాయమే అయిన వాళ్లు, ఇంట్లో ఎవరికైనా అయిన వాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే గాల్లో కొడవలి ఎందుకుందో అర్థం కాదు.

మాది అశ్వారావుపేట. మా మామగారికి కొడవళ్లు, కత్తులు చేసి సాన పట్టి అమ్మే దుకాణం ఉంది. మా వారు యాకూబ్ ఆ సరుకును చండ్రుగొండ వైపు అడవి పక్క ఊళ్ల వారపు అంగళ్లకు తీసుకెళ్లి అమ్ముతారు. అంగట్లో గొంతు చించుకొని అరిచినా లాభం ఉండదు. పక్కన బట్టలమ్మే ఆయనకు మైకు ఉంటుంది. అందుకని మామగారి కాలం నుంచీ మా వాళ్లది ఒక పద్ధతి. మూడు కొడవళ్లను ఒకదాని వెనక ఒకటి ఎగరేసి పట్టుకుంటారు. జనం మూగుతారు. చివరి కొడవలి చేతికి రాగానే దాంతోనే ఒక వెదురు కర్రను ఒక్క వేటుకు నరుకుతారు. బేరాలు మొదలవుతాయి.

నేను ఖమ్మంలో బీకాం చదివాను. పెళ్లిచూపుల్లో "అబ్బాయి వ్యాపారం చేస్తాడు" అన్నారు. ఎగరేస్తాడని ఎవరూ చెప్పలేదు. మొదటిసారి అంగడికి వెళ్లి చూసిన రోజు కళ్లు మూసుకొని నిలబడ్డాను. ఆ తర్వాత కళ్లు తెరిచి నిబంధనలు పెట్టడం మొదలుపెట్టాను. ఎగరేసేటప్పుడు చుట్టూ గీత ఉండాలి, దర్జీ సుద్దతో నేనే గీసి ఇచ్చేదాన్ని. గీత లోపలికి ఎవరూ రాకూడదు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. ఆ సమయంలో ఎవరూ ఆయన్ను పేరు పెట్టి పిలవకూడదు. తలకు బండి హెల్మెట్ ఉండాలి.

"హెల్మెట్ ఎందుకే? జనం నేను బయల్దేరుతున్న అనుకొని బేరం ఆడకుండ పోతున్నరు" అని ఆయన మొత్తుకున్నారు. నేను వినలేదు.

ఇంట్లో సాధన చేసుకోవడానికి వేరే జత ఉండాలన్నది నా చివరి నిబంధన. మూడు కొడవళ్ల అంచులు ఆకురాయితో రాకించి, గోరు కూడా తెగనంత మొద్దు చేయించాను. గుర్తు కోసం పిడులకు నా గోళ్ల రంగు పూశాను. ఎర్ర పిడి అంటే మొద్దుది. పిల్లలతో సహా ఇంట్లో అందరికీ చెప్పాను. పిల్లల దాదాకు, అంటే మామగారికి, చెప్పానో లేదో గుర్తు లేదు. చెప్పినా ఆయన అప్పుడు సాన చక్రం తిప్పుతూ ఉండి ఉంటారు, ఆ చప్పుడులో ఆయనకు అజాన్ తప్ప ఏదీ వినపడదు.

వరికోతలకు ముందు రోజులవి. మా వారు పెరట్లో ఎర్ర పిడులతో సాధన చేస్తున్నారు. మొద్దువే కదా అని నేను గీత గీయలేదు, దగ్గరే నిలబడి ఉన్నాను. పక్కన నులక మంచం మీద ఒక పెళ్లికూతురి పట్టు జాకెట్ ముక్క పరిచి ఉంది. ఇంతలో మా అమ్మాయి ఆయేషా తండ్రిని పిలుస్తూ "అబ్బా, తమ్ముడు నా రబ్బరు మింగిండు!" అని అరిచింది. ఆయన తల తిప్పారు. ఒక కొడవలి చెయ్యి తప్పి పట్టు ముక్క మీదికి వెళ్లింది. మొద్దు కొడవలే కదా అని నేను పట్టుకున్నాను.

రబ్బరు వాడి జేబులోనే దొరికింది.

చేతికి తువ్వాలు చుట్టి, ఆటోలో ఎక్కించుకొని ఊళ్లో దవాఖానాకు తీసుకెళ్లారు. దారంతా మా వారు ఒకటే మాట. "మొద్దుది గదా? అది మొద్దుది గదా షాహీనా?" మామగారు ఆటోలో ముందు డ్రైవరు పక్కన కూర్చొని వెనక్కి తిరగలేదు. కాసేపటికి రోడ్డునే చూస్తూ అన్నారు: "పొద్దుగాల నమాజు అయినంక చూసిన. మూడు కొడవళ్లు మొద్దుబారి గోడకు వేలాడుతున్నయ్. మన ఇంట్ల, మన గోడకు. ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు? సాన పట్టిన."

"అబ్బా! ఎర్ర రంగు చూడలేదా?" అన్నారు మా వారు.

"చూసిన. మంచిగనే ఉందనుకున్న."

నేను ఏడవాలో నవ్వాలో తెలియక తువ్వాలును ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆయన తప్పు అని అనలేకపోయాను. సాన పట్టే మనిషి కంటికి మొద్దు కొడవలి అంటే మనకు ముక్కు కారుతున్న పిల్లాడిలాంటిది. తుడవకుండా వెళ్లలేరు.

ఊళ్లో డాక్టరు గారు టీటీ ఇంజెక్షన్ ఇచ్చి, గాయం కడిగించారు. నా మధ్య వేలిని తను పట్టుకొని "ఇప్పుడు పక్క వేలు ముడవండి" అన్నారు. ముడుచుకోలేదు. చివరి కణుపు మాత్రం ముడవమన్నారు. అదీ కదలలేదు.

"ఫ్లెక్సర్ టెండన్స్ కట్ అయినట్టున్నాయి. ఇక్కడ కాదు, ఖమ్మం వెళ్లాలి. ఆలస్యం చేయకండి. ఏమీ తినకండి, తాగకండి, ఆపరేషన్ ఉండొచ్చు."

"టెండన్ అంటే నరమా డాక్టర్ సాబ్?" అన్నారు మామగారు.

"నరం కాదు. వేలును లాగే తాడు."

కిరాయి కారులో ఖమ్మం వెళ్లాం. మా అత్తమ్మ పిల్లలతో ఇంట్లో ఉండి బంధువులకు ఫోన్లు చేసింది. మేము ఖమ్మం చేరేలోపే కథ మాకంటే ముందు చేరింది. మా అమ్మ దవాఖానా మెట్ల మీదే నన్ను పట్టుకొని "నీ కొడుకు మీద పడుతున్న తల్వారును ఆపినవంట గదే!" అని ఏడ్చింది. పట్టు ముక్క సంగతి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పెళ్లికూతురి తల్లి మాత్రం నిజం తెలుసుకొని నాకే ఫోన్ చేసింది. "అయ్యో ఎంత పనైంది షాహీనా. మరి గుడ్డ మీద రక్తం పడలేదు గదా?" పడలేదు.

ఎక్స్‌రే తీశారు. ఎముకకు ఏమీ కాలేదు. చేతి సర్జన్ గారు వయసులో చిన్నవారే, కానీ ముఖం ఎప్పుడూ పరీక్ష దిద్దుతున్నట్టు ఉంటుంది.

"ఎలా తెగింది?"

"కొడవలి పట్టుకున్నాను సార్."

"కోత కోస్తుంటేనా?"

"కాదు సార్, పడుతుంటే. మా వారు ఎగరేశారు."

ఆయన పెన్ను ఆపి మా వారి వైపు చూశారు. గొడవల కేసు అనుకున్నారని నాకు అర్థమై గబగబా అంగడి, సాధన, గోళ్ల రంగు, సాన అన్నీ చెప్పాను. ఆయన అంతా విని "జోన్ టూ" అని మాత్రం నర్సుతో అన్నారు. అరచేతికీ వేలి మధ్య కణుపుకూ నడుమ ఉండే చోటట. అక్కడ టెండన్ ఒక ఇరుకు గొట్టంలో నడుస్తుంది, కుట్టాక అతుక్కుపోయే ప్రమాదం ఎక్కువ.

"ఆపరేషన్ నేను చేస్తాను. కానీ సగం పని మీదే అమ్మా. తర్వాత వేళ్లను ఎలా కదిలిస్తారో దాన్ని బట్టే ఉంటుంది."

"మళ్లీ కత్తెర పట్టుకోగలనా సార్?"

"చూద్దాం" అన్నారు. డాక్టర్లు ఆ మాట అనకుండా ఉంటే బాగుండు.

చంక దగ్గర బ్లాక్ ఇంజెక్షన్ ఇచ్చారు. చెయ్యి నాది కాకుండా పోయింది కానీ చెవులు నావే. అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డ అవతల నుంచి సర్జన్ గారి గొంతు వినిపిస్తూనే ఉంది. ఒకచోట ఆగి, "చాలా షార్ప్ వెపన్. వెరీ క్లీన్ కట్. రెండు టెండన్లూ, పక్కన డిజిటల్ నర్వ్ ఒకటి. అంచులు ఎంత నీట్‌గా ఉన్నాయో చూడండి" అన్నారు. బయటికొచ్చాక మా వాళ్లకూ అదే చెప్పారు. మొద్దు కత్తితో అయితే చీరుకుపోయి, నలిగిపోయి కుట్టడానికి కష్టమయ్యేది, పదునుగా ఉండటం ఒకందుకు మంచిదే అయింది అన్నారు.

అంతవరకు కారిడార్లో తల వంచుకొని కూర్చున్న మామగారు ఆ మాటకు లేచి నిలబడ్డారట. "ఒక్క పూటనే పట్టిన సాబ్. ఇంకొంచెం టైం ఉంటే..." అనబోతే మా వారు భుజం పట్టి కూర్చోబెట్టారట.

వార్డులో నా పక్క మంచం మీద జోగమ్మ అనే ఆవిడ ఉండేది. చండ్రుగొండ అవతల అడవిలో ఊరు. బోరింగు దగ్గర జారిపడి మణికట్టు విరిగింది. నా కట్టు చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

"అంగట్ల హెల్మెట్ పెట్టుకొని ఎగరేస్తడు, ఆయనేనా మీ ఆయన?"

"అవును."

"కొడవళ్లు అమ్మేటోళ్ల కోడలివయ్యి కొడవలి ఏ దిక్కు పట్టుకోవాల్నో తెల్వదా నీకు?" అని విరిగిన చేతిని పట్టుకొని మరీ నవ్వింది. నవ్వి నవ్వి ఆగి, "అంత మెత్తగ తెగిందా? రెండు వేళ్లకు?" అంది.

"డాక్టరే అన్నారు."

"అయితే నాకొకటి పక్కకు పెట్టమను. చెయ్యి బాగైనంక తీసుకుంట."

మామగారికి ఈ మాట చెప్పినవాళ్లు ఎవరో నాకు తెలియదు. ఆ తర్వాత దుకాణంలో ప్రతి బేరానికీ "ఖమ్మం డాక్టరు మెచ్చిన పదును" అని ఆయన అరుస్తున్నారని మాత్రం తెలిసింది.

ఇక అసలు కష్టం ఇంటికి వచ్చాక. చేతి వెనక వైపు నుంచి వేళ్లు వంగి ఉండేలా స్ప్లింట్ అనే గట్టి పట్టీ వేశారు. కుడి చేత్తో ఏదీ పట్టుకోకూడదు, ఎత్తకూడదు. గంటకోసారి ఎడమ చేత్తో ఆ వేళ్లను మెల్లగా లోపలికి వంచాలి, తర్వాత స్ప్లింట్ తగిలేదాకా చాచాలి. ఫిజియోథెరపీ మేడం చేసి చూపించింది. నేను తల ఊపాను.

ఇంటికొచ్చాక ఫోన్లో టెండన్ అని కొట్టాను. చేయకూడని పని. కుట్టు తెగిపోయిన వాళ్ల వీడియోలు వరసగా వచ్చాయి. ఒకావిడకు పాల ప్యాకెట్ పట్టుకుంటే తెగింది, ఇంకొకాయనకు తుమ్మితే తెగిందట. ఆ రోజు నుంచి నేను తుమ్ము వస్తే ముక్కు పట్టుకునేదాన్ని, ఎడమ చేత్తో. వేళ్లు వంచే టైం వచ్చినప్పుడల్లా వాటి మీద ఎడమ చెయ్యి పెట్టి, కొంచెం నొక్కినట్టు చేసి, బిస్మిల్లా అనుకొని తీసేసేదాన్ని. చెయ్యిని దిండు మీద పెట్టుకొని పిల్లలను ఆ గదిలోకి రానిచ్చేదాన్ని కాదు. మా అబ్బాయి రెహాన్ గడప అవతల నిలబడి "అమ్మీ, నీ చెయ్యి పండుకుందా?" అని అడిగేవాడు. ఆయేషాకు జడలు మా వారు వేశారు. కొడవళ్లు తిప్పే చేతులు గదా, జడలు గుండ్రంగా తిరిగి పైకి లేచి నిలబడ్డాయి. బళ్లో టీచరు ఇదేం ఫ్యాషనని అడిగిందట.

రివ్యూకు వెళ్తే సర్జన్ గారు వేళ్లను పట్టుకొని వంచారు. సగంలో ఆగిపోయాయి. "మీరు వంచండి" అన్నారు. వణికాయి తప్ప వంగలేదు.

"ఎక్సర్‌సైజ్ చేశారా?"

"జాగ్రత్తగా చేశాను సార్."

"ఎంత జాగ్రత్తగా?"

నేను చూపించాను. ఆయన ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది, అది మంచి నవ్వు కాదు. "అమ్మా, ఇది ఎక్సర్‌సైజ్ కాదు, ఆశీర్వాదం. అడ్హీషన్స్ వచ్చాయి. టెండన్ చుట్టూ ఉన్న వాటికి అతుక్కుపోయింది. కుట్టు భద్రంగా ఉంది, వేలే పనికిరాకుండా పోతోంది. గట్టిగా ఫిజియో చేయండి. కదలిక రాకపోతే తర్వాత మళ్లీ కోసి విడదీయాలి, టెనోలైసిస్ అంటారు. అది చేసినా గ్యారంటీ లేదు."

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి పామాయిల్ తోటలు పోతూ ఉంటే నేను ఏడ్చాను. చుట్టూ గీతలు గీసి అందరినీ కాపాడుకున్నాననుకున్నాను. ఇప్పుడు ఆ గీత మధ్యలో నా వేళ్లే ఇరుక్కున్నాయి. దిగేటప్పుడు మా వారు, "నీ కుట్టుమిషన్ మీద బొంత కప్పి పెట్టిన. బొంత తీసేయమంటవా, ఉంచమంటవా?" అని అడిగారు.

"తీసేయండి" అన్నాను.

స్ప్లింట్ తీసే రోజు వచ్చాక ఫిజియో మేడం నన్ను వదల్లేదు. వేడి మైనంలో చెయ్యి ముంచడం, మచ్చ మీద కొబ్బరినూనెతో గట్టిగా రుద్దడం, ఒక్కొక్క కణుపును పట్టుకొని విడిగా ముడవడం. నేను "అమ్మో" అంటే "మీరు అమ్మో అనకపోతే నేను చేయట్లేదని అర్థం" అనేది. మెత్తని గుడ్డను గుప్పిట్లో నలపమంది, తర్వాత మెత్తనివి ఏవైనా విసిరి పట్టుకోవడం అలవాటు చేసుకోమంది.

విసిరి పట్టుకోవడం అనగానే మా వారి కళ్లు వెలిగాయి. ఇంటికి రాగానే నా పీలికల సంచిలోంచి షిఫాన్ ముక్కలు మూడు తీశారు. షిఫాన్ నెమ్మదిగా దిగుతుంది, తొందర ఉండదు. నన్ను పెరట్లో నిలబెట్టారు.

"ఒకటి ఎగరెయ్యి. అది పైన ఆగినప్పుడు రెండోది. చేతిని చూడకు, గుడ్డను చూడు."

"హెల్మెట్ కావాలి" అన్నాను.

నవ్వుతూ నా తలకు నిజంగానే పెట్టారు. మామగారు దుకాణం నుంచి వచ్చి, హెల్మెట్ పెట్టుకొని గుడ్డ ముక్కల కోసం గాల్లో గోకుతున్న కోడలిని చూసి, అలాగే లోపలికి వెళ్లిపోయారు. అత్తమ్మ "దీనికి చెయ్యికేనా దెబ్బ తగిలింది?" అని గుసగుసలాడింది, వీధికంతా వినిపించేలా.

ముక్కలు నా వేళ్లలోంచి జారిపోయేవి. చూపుడు వేలితో పట్టుకుంటే మా వారు ఒప్పుకోలేదు. "ఆ ఇద్దరు పనిదొంగలతోనే పట్టాలె." రోజూ అదే పని. ఒక సాయంత్రం పసుపు ముక్క దిగుతూ నా అరచేతిలో వాలింది. ఉంగరం వేలు దాని మీదికి మెల్లగా, తలుపు చాటు నుంచి తొంగి చూసినట్టు వంగింది. గుడ్డ ఆగింది. నేను "యాకూబ్!" అని పేరు పెట్టి అరిచాను. అప్పుడు ఆయన చేతిలో నిజం కొడవళ్లు ఉన్నాయి. మూడింటినీ వదిలేసి ఒక్క అంగలో వెనక్కి దూకి నిలబడ్డారు. అవి దబదబా నేల మీద పడ్డాయి. ఆయనకేమీ కాలేదు.

"ఎట్ల దూకారు?" అన్నాను.

"పిడి కనబడకుంటే పట్టేది లేదు. కాలు వెనక్కి, చేతులు వెనక్కి. చిన్నప్పుడు అబ్బా నేర్పిన మొదటి పాఠం గిదే, ఎగరెయ్యడం తర్వాత నేర్పిండు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎగరెయ్యవు గదా!"

ఇప్పుడు నా చెయ్యి ఇలా ఉంది. పిడికిలి దాదాపు బిగుస్తుంది. చిటికెన వేలి చివర అరచేతిని తాకదు, తాకినట్టు నటిస్తుంది. దాని పక్కన ఒక గీతలా స్పర్శ లేదు, అక్కడ తెగిన స్పర్శ నరం మెల్లగా వస్తుంది అన్నారు సర్జన్ గారు. చలిలో బిగుసుకుంటుంది. రెండో ఆపరేషన్ అక్కర్లేదని మొన్న చెప్పేశారు. కత్తెర పట్టగలుగుతున్నాను. మామగారు నా కత్తెరను తీసుకెళ్లి, పిడి రింగులకు మెత్తని తోలు చుట్టి, సాన పట్టి తెచ్చి ఇచ్చారు. "పదునుంటే బలం పెట్టే పని ఉండదు బేటీ" అన్నారు. క్షమాపణ అన్న మాట ఆయనకు రాదు, ఆ కత్తెరే అది. మా వారు ఇంకా అంగట్లో ఎగరేస్తారు. అది మా బతుకు. సాధనకు మాత్రం ఇప్పుడు కొడవళ్లు కాదు, అంతే బరువున్న కర్రలు. కర్రకు మామగారు సాన పట్టలేరు.

ఇలాంటి గాయమైతే డాక్టరు చెప్పినట్టు వేళ్లు కదిలించండి, అది మీ డాక్టరే చెబుతారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. అంచున్నది ఏది జారినా పట్టుకోకండి. కింద పట్టు ఉన్నా, అది మొద్దుదని మీరు ఒట్టేసి చెప్పగలిగినా సరే. అడుగు వెనక్కి వేసి, పడ్డాక వంగి తీసుకోండి.

నిన్న మధ్యాహ్నం కత్తెర బల్ల మీంచి జారింది. నేను రెండు చేతులూ పైకెత్తి, పోలీసులు పట్టుకున్నట్టు వెనక్కి గెంతాను. కత్తెర నేలను తాకి మొన వంగింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. సాయంత్రం దాకా చేతులు పైకెత్తి ఇల్లంతా గెంతుతూ నన్ను వెక్కిరించారు.

ఈ పొద్దున బడికి బయల్దేరుతుంటే ఇద్దరినీ గడప దగ్గర నిలబెట్టి చెప్పాను.

"నవ్వితే నవ్వుండ్రి. కానీ ఇంట్ల ఏది పడ్డా అట్లనే చెయ్యాలె. గ్లాసు పడితే సొట్ట పోతది, పోనియ్యి. గుడ్డ తెగితే నేను కుడత. చెయ్యి తెగితే కుట్టేటాయన ఖమ్మంల ఉన్నడు, ఆయనకు నవ్వు రాదు."

రెహాన్ బడి సంచి భుజానికి తగిలించుకుంటూ అడిగాడు. "మరి నేను పడితే? అప్పుడు గూడ చేతులు పైకెత్తుతవా?"

"నువ్వు పడితే రెండు చేతులతో పట్టుకుంట" అన్నాను. "నిన్నింకా మీ దాదా సాన పట్టలేదు గదా."